ఊఁ కొట్టించిన కథలు

తెలుగునాట కథ చెప్పుట యెన్నడును ఒక్కరి పని కాదు. చెప్పువారొకరు, ఊఁ కొట్టువారొకరు. వీరిరువురిలో ఎవ్వరు మౌనము వహించినను కథ అక్కడనే నిలిచిపోవును. వేసవి రాత్రి వాకిట నులకమంచముపై మేను వాల్చిన అమ్మమ్మ, ప్రక్కను చేరిన మనుమని తల నిమురుచు, ఏడుగురు రాజకుమారులను వేటకు పంపి, వారు తెచ్చిన చేపలలో ఒకటి ఎండకపోవుటకు కారణము వెదకుచు గడ్డిమోపు మొదలు చీమపుట్ట వఱకు నడిపించుచుండగా, ఆమె చెవి యెల్లప్పుడును ఆ బాలుని ఊఁకారము పైననే యుండెడిది. అది బిగ్గరగా వచ్చినచో కథ సాగెడిది. సన్నగిల్లినచో రాక్షసుడు కొంత ముందుగనే వచ్చెడివాడు. బొత్తిగా ఆగిపోయినచో నిద్రపట్టినదని యెఱిగి ఆమె దుప్పటి కప్పెడిది. పిల్లలకు కథలను ఎంచిపెట్టు విద్య మనకు పండితుల బల్లలమీద గాక ఆ నులకమంచముమీద పుట్టినది. అచ్చుయంత్రము వచ్చిన పిదప ఈ విద్య యెట్లు మఱుగుపడినదో, మరల నెట్లు చేజిక్కినదో చెప్పుటకే యీ నాలుగు మాటలు.

1853లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికను వెలువరించెను. పంచతంత్రమునందలి మిత్రలాభ మిత్రభేదములను తీర్చిదిద్దిన ఆ గ్రంథమునందు కాకులు, ఎలుకలు, నక్కలు, సింహములు నిండియున్నవి. అవన్నియు పిల్లలకు ప్రియమైన ప్రాణులే. కాని ఆ గ్రంథము పాఠ్యపుస్తకమై, తరతరముల విద్యార్థులు దానిని సంధులు విడదీయుటకును, సమాసములకు విగ్రహవాక్యములు చెప్పుటకును చదివిరి. ఇందు సూరి దోషమేమియు లేదు. తెలుగు వచనమునకు ఒక ఒరవడి దిద్దవలెనని పూని, ఆ కార్యమును అద్వితీయముగ నెరవేర్చిన మహనీయుడాయన. దోషమంతయు ఆ తరువాతి పెద్దల దృష్టియందున్నది. పిల్లవానికి పుస్తకము కొనునపుడు అందు నీతి యున్నదా, భాష యున్నదా యని విచారించిరే గాని, చదువువాడు లోలోపల ఊఁ కొట్టుచున్నాడా యని చెవియొగ్గినవారు అరుదు.

ఆ రహస్యమును మఱువని రచయిత మధిర సుబ్బన్నదీక్షితులు. పండ్రెండు భాగములుగా సాగిన ఆయన కాశీమజిలీకథలకు ఎత్తుగడయే ఒక పాఠము. కాశికి బయలుదేరిన మణిసిద్ధుడను యతికి తోడు దొరకదు. పశువులు కాచుకొను గోపబాలుడొకడు వెంట వచ్చుటకు సమ్మతించును గాని, దారిలో తాను చూచిన వింతలను గుఱించి అడిగినపుడెల్ల కథ చెప్పవలెనని నియమము పెట్టును. చెప్పువాడు సర్వజ్ఞుడైన సన్యాసి. ఐనను ఏ కథ చెప్పవలెనో నిర్ణయించువాడు అక్షరము రాని పసులకాపరి. ఆ కథలు పిల్లలకొఱకు వ్రాయబడినవి కావు. శృంగారవర్ణనలకు వానియందు కొదవలేదు. అయినను మనయిండ్లలో మీసకట్టు రాని కుఱ్ఱలు అటుకెక్కి కూర్చుండి వానిని చదివిరన్నచో, గోపబాలుని కుతూహలము తమదియేనని వారు గుర్తుపట్టుటయే కారణము.

ఇంతలో గ్రంథాలయోద్యమము వచ్చెను. 1914లో బెజవాడయందు గ్రంథాలయముల మహాసభ జరిగెను; అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల పూనికతో గ్రామగ్రామమున పుస్తకపు బీరువాలు వెలసెను; 1935లో పాతూరి నాగభూషణము కృషివలన పెదవడ్లపూడి ప్రాంతమున కృష్ణకాలువపై పడవలో సైతము పుస్తకములు ప్రయాణించెను. పుస్తకము పల్లెకు చేరినది గాని, పిల్లలకై ప్రత్యేకముగ వ్రాసిన తెలుగు పుస్తకములు నాటికి స్వల్పము.

ఆ కొఱతను తీర్చుటకు మదరాసునుండి రెండు పత్రికలు పుట్టెను. 1945లో, రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా ఇంటింట పరిచితులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు "బాల"ను స్థాపించిరి. అందు పిల్లలు వ్రాసి పంపిన రచనలకును చోటుండెను. ముళ్ళపూడి వెంకటరమణ, బాపు బాల్యమున ఆ పుటలలోనే తొలిసారి అచ్చులో కనిపించిరి. వినువాని ఊఁకారమును అచ్చువేసిన పత్రిక యది. ఆ యిరువురు పెరిగి పెద్దవారై తెలుగువారికి బుడుగను అల్లరి బాలుని కథను ప్రసాదించుట ఆ విత్తనమునకు పండిన పంట.

రెండవది చందమామ. 1947 జూలైలో, స్వాతంత్ర్యమునకు నెల ముందుగ, బి. నాగిరెడ్డి, చక్రపాణి దానిని ఉదయింపజేసిరి. 1952లో సంపాదకబాధ్యతను చేపట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1980లో మరణించు వఱకును దానిని విడువలేదు. పెద్దలకొఱకు కత్తివంటి కథలు వ్రాసిన ఆ చేయి, పిల్లలకొఱకు దేశదేశముల కథలను తేటతెలుగున తిరుగవ్రాసెను. పిల్లవాడు నిఘంటువు వెదకనక్కఱలేని భాష, ఊపిరి తిరుగు వాక్యము, ప్రతి పుటయందును ఏదో యొకటి జరుగుట: ఇవియే ఆ పత్రికకు శాసనములు.

అందలి బేతాళకథను ఒకమారు తలచుకొనుడు. రాజు శవమును భుజమున మోయుచు మౌనముగా నడచుచుండును. బేతాళుడు కథ చెప్పి, కడపట చిక్కుప్రశ్న యొకటి వేయును. సరిగా నచ్చట పిల్లవాడు పుటనడుమ వ్రేలుంచి పత్రిక మూసి, రాజు చెప్పక మునుపే సమాధానము తానే చెప్పవలెనని నుదురు ముడిచి ఆలోచించును. పిమ్మట విప్పి చూచి, తన మాటయు రాజు మాటయు కలిసినచో ఎగిరి గంతువేయును, కలియకున్నచో రాజుతోనే వాదమునకు దిగును. సంస్కృతమున ఇరువదియైదుగా నున్న బేతాళకథలు తెలుగున వందలకు పెరిగినవన్నచో, ఆ ప్రశ్నకు లక్షలాది యిండ్లలో ఊఁ పలికినందుననే కదా!

అటుపైన ఆ చందమామలోనే దాసరి సుబ్రహ్మణ్యము ధారావాహికలు. 1954లో తోకచుక్కతో నారంభించి, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపము మొదలుగా ఆయన పండ్రెండు నవలలను నెలనెలకు నడిపెను. చిత్రకారుడు చిత్రా గీసిన మాంత్రికులును, గండభేరుండములును ఆ కథలకు రూపము నిచ్చినవి. నీతి యేదియు విడిగా చెప్పకయే, సాహసమును, స్నేహమును, ఇచ్చిన మాటను నిలుపుకొనుటయు ఆ కథలు నేర్పినవి.

కాని పండ్రెండేండ్లు దాటిన పిల్లల సంగతి వేఱు. వారికి చందమామ చాలదు, పెద్దల నవలలు అందవు. ఆ నడిమి కాలమున వారు కొవ్వలి నవలలను, కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధరును ఆశ్రయించిరి; లెక్కలపుస్తకము మాటున వానిని దాచి చదివినందుకు దెబ్బలు తినిరి. నే నెఱిగిన ఒక పల్లెటూరి గ్రంథాలయమున పంతులుగారొకరుండిరి. అపరాధపరిశోధక నవల అడిగిన కుఱ్ఱవానిని ఆయన కసరలేదు. ఆ నవలతోపాటు మఱియొక పుస్తకమును చేతికిచ్చి పంపెడివారు. తిరిగి యిచ్చునపుడు ఏమి నేర్చుకొంటివని అడుగరు, "ఎక్కడ ఆపావురా?" అని మాత్రము అడుగుదురు. ఆపిన చోటు చెప్పగనే దానినిబట్టి తరువాతి పుస్తకమును తీసెడివారు. విశాలాంధ్ర దుకాణములలో అల్పమైన వెలకు దొరకుచుండిన రష్యా పుస్తకములు, ఉప్పల లక్ష్మణరావు, రా.రా. వంటివారు మాస్కోలో కూర్చుండి తెనిగించినవి, అట్లే ఎందరో కుఱ్ఱల చేతికి వచ్చినవి. సోవియట్ రాజ్యముతోపాటు ఆ పుస్తకములును కనుమఱుగైనవి.

నేడు దుకాణములో రంగురంగుల పుస్తకములు రాసులుగా నున్నవి. వానినడుమ నిలువబడిన తల్లిదండ్రులకు ఏది కొనవలెనో తోచదు. వారికి నా మనవి యిది. పుస్తకముపై వ్రాసిన వయస్సును గాని, వెనుకనున్న ప్రశంసను గాని ప్రమాణముగ గొనవలదు. ఇంటికి తెచ్చి, దీపము తగ్గించి, మొదటి నాలుగు పుటలు పిల్లవానికి పైకి చదివి వినిపింపుడు. పెద్దవాడై, వినుటకు సిగ్గుపడినచో, పుస్తకమును వాని దిండుప్రక్కన వదలి, మఱునాడు ఎక్కడ ఆపెనో అడుగుడు. ఊఁకారము సన్నగిల్లినచో కోపగింపక మఱియొక పుస్తకము తీయుడు. అమ్మమ్మయు అలిగి లేచిపోలేదు, రాక్షసుని కొంచెము ముందుగా పిలిచినది, అంతే.