నిరాకరణ, నిశ్శబ్దం: 2008 కేబుల్ తెగింపులూ సీ భాషలో కనెక్షన్ దోషాలూ

దుబాయిలోని దేరా ప్రాంతంలో నైఫ్ ఒక ఇరుకైన పాతపేట. అక్కడి కోటను 1939లో కట్టారు. దుబాయి పోలీసు శాఖ 1956లో మొదలైంది ఆ కోటలోనే. నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి వెళ్ళిన శ్రామికులకు మాత్రం నైఫ్ అంటే కోట కాదు. 2021 దాకా సెలవుగా ఉన్న శుక్రవారం నాడు ఫోను కొనుక్కునే అంగడి, ఇంటికి డబ్బు పంపే ఎక్స్ఛేంజ్ కౌంటరు.

2008 ఫిబ్రవరి 1 శుక్రవారమే. ఆనాడు దుబాయికి 56 కిలోమీటర్ల దూరంలో, ఒమాన్ వైపు సాగే ఫాల్కన్ సముద్రగర్భ కేబుల్ తెగింది. అంతకు రెండు రోజుల ముందే, జనవరి 30న, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపంలో సీ-మీ-వీ 4, ఫ్లాగ్ కేబుళ్ళు రెండూ తెగిపోయాయి. భారతదేశపు ఇంటర్నెట్ సామర్థ్యం సగానికి పడిపోయిందని నాటి వార్తలు. విద్రోహచర్య అన్న వదంతులు బయలుదేరాయి గాని, ఫాల్కన్ మరమ్మతుకు వెళ్ళినవారికి దొరికింది ఎవరో వదిలేసిన, ఐదారు టన్నుల ఓడ లంగరు.

ఇలాంటి సమయంలో కౌంటరు మీది ప్రోగ్రాముకు ఏమి తెలుస్తుంది? సీ భాషలో నెట్‌వర్క్ కనెక్షన్ కోసం నేటికీ వాడే సాకెట్లు 1983లో బర్క్లీ విడుదల చేసిన 4.2 బీఎస్‌డీతో ప్రచారంలోకి వచ్చాయి. అందులో కనెక్ట్ అనే ఫంక్షన్ విఫలమైతే మైనస్ ఒకటి ఇస్తుంది. పని కాలేదన్నదే దాని అర్థం. కారణం ఎర్‌నో అనే చోట విడిగా ఉంటుంది. ఆవలి యంత్రం బతికే ఉండి, ఆ పోర్టులో వినేవారు లేకపోతే సాధారణంగా వెంటనే తిరస్కారం వస్తుంది: ఇకన్‌రెఫ్యూజ్డ్. దారి లేదని తన యంత్రమో, మధ్యలోని రౌటరో చెబితే ఇనెట్‌అన్‌రీచ్. ఎవరూ ఏమీ పలకకపోతే, పదేపదే పిలిచి చూసి, చివరకు ఇటైమ్డ్‌అవుట్. మొదటిది నిరాకరణ, చివరిది నిశ్శబ్దం. రెండింటికీ మధ్య, నాడి చేతికి అందకపోవడానికీ మరణ నిర్ధారణకూ ఉన్నంత దూరం ఉంది. మైనస్ ఒకటి చూడగానే 'విఫలం' అని ముద్రించి ఊరుకునే ప్రోగ్రాములు ఆ తేడాను చెరిపేస్తాయి. కారణాన్ని వెంటనే వేరుగా దాచుకోకపోతే, మధ్యలో పిలిచిన మరో ఫంక్షన్ ఎర్‌నోను మార్చేయవచ్చు కూడా.

నిశ్శబ్దాన్ని తొందరపడి మరణంగా లెక్కించరాదని 1989 అక్టోబరులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1122 నిర్దేశించింది. గమ్యం అందడం లేదన్న రౌటరు సందేశాల్లో కొన్నింటిని సూచనలుగానే తీసుకోవాలి; వాటిని చూసి నడుస్తున్న కనెక్షన్‌ను తెంచరాదు. కొత్త కనెక్షన్ కోసం కనీసం మూడు నిమిషాలైనా ప్రయత్నించాలి. దారి మళ్ళీ ఏర్పడవచ్చు కదా! 2008లోనూ ట్రాఫిక్‌ను మిగిలిన కేబుళ్ళ మీదికి మళ్ళించారు.

అసలు చిక్కు కనెక్షన్ ఏర్పడ్డాక, మధ్యలో తెగినప్పుడు వస్తుంది. రైట్ ఫంక్షన్ సఫలమైందంటే సమాచారం తన యంత్రపు కెర్నెల్‌కు చేరిందనే గాని, బ్యాంకుకు చేరిందని కాదు. లినక్స్‌లో మామూలు అమరికల ప్రకారం, అందినట్టు జవాబు రాని సమాచారాన్ని సుమారు పావుగంట పాటు మళ్ళీమళ్ళీ పంపి, ఆ తరువాతే దోషం ప్రకటిస్తారు. ఈలోగా డబ్బు పంపమన్న ఆదేశం అవతలికి చేరి, జవాబు మాత్రమే దారిలో పోయి ఉండవచ్చు. విఫలమనుకొని మళ్ళీ పంపితే సొమ్ము రెండుసార్లు జమ కావచ్చు. సఫలమనుకుంటే అసలే చేరకపోవచ్చు. నమ్మలేని దారి మీద ఇరుపక్షాలకూ పూర్తి నిశ్చయం కలిగించే పద్ధతి లేదని 1975లోనే అక్కొయున్లు, ఏకనాథం, హ్యూబర్ చూపారు. 1978లో జిమ్ గ్రే దానికి ఇద్దరు సేనాపతుల కథారూపం ఇచ్చాడు.

అందుచేత సరైన ప్రోగ్రాముకు 'అయింది', 'కాలేదు'లతో పాటు 'తెలియదు' అనే మూడో స్థితి కావాలి. పంపే ముందే ప్రతి ఆదేశానికీ ఒక ప్రత్యేక సంఖ్య వేసి డిస్కు మీద రాసుకోవాలి. కనెక్షన్ తిరిగి వచ్చాక, ఆ సంఖ్య అందిందా అని ముందుగా అడగాలి. అదే సంఖ్య రెండోసారి వస్తే బ్యాంకు సొమ్ము జమచేయకుండా పాత జవాబే తిరిగి ఇవ్వాలి. ఎక్స్ఛేంజ్ రసీదు మీద అచ్చయ్యే రిఫరెన్సు నంబరుదీ దాదాపు ఇదే పని. డబ్బు రాలేదని బ్యాంకు గుమ్మం ఎక్కిన ఇల్లాలు ఆరా తీయగలిగేది ఆ నంబరు చెప్పే.