రంగం దారి

మన పాఠశాల తొలి ప్రవేశ పట్టికలో, 1950 నాటి పుటల్లో, ‘తండ్రి వృత్తి’ అనే గడిలో కొన్నిచోట్ల వృత్తికి బదులు ‘రంగములో నున్నారు’ అని వ్రాసి ఉంది. రంగం అంటే రంగూన్. అప్పటికి యుద్ధం ముగిసి ఐదేండ్లు. ఆ తండ్రుల వద్దనుండి 1942 తరువాత ఉత్తరమే లేదు. వ్రాయించిన తల్లులకు సంగతి తెలియదనుకోను. మరొక మాట వ్రాయించడానికి నోరు రాలేదు.

గంజాం వారికి రంగం పొరుగూరు వంటిది. బరంపురానికి పది మైళ్ళలో ఉన్న గోపాలపూర్ రేవులో, కాకుంటే బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, కాకినాడ రేవుల్లో ఓడ ఎక్కేవారు. అక్కడ రేవులో మూటలు మోయడం, ధాన్యపు మిల్లుల్లో పని, రిక్షా లాగడం. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనులలో సగానికి పైగా భారతీయులే. కోరంగి రేవు పేరుమీదుగా వచ్చిందంటారు, బర్మీయులు మనవారిని ‘కొరంగీ’లనేవారు. రానురాను అది తిట్టయింది. గోపాలపూర్ తీరాన ఆనాటి గిడ్డంగుల మొండిగోడలను మన విద్యార్థులు విహారయాత్రలో చూచే ఉంటారు.

1941 డిసెంబరు 23న రంగూన్‌పై జపాను బాంబులు పడ్డాయి. విమానాలను వింతగా చూస్తూ వీథుల్లో నిలిచిన కూలిజనం వేలుగా హతులయ్యారు. 1942 మార్చి 8న నగరం జపాను వశమైంది. ఓడల్లో చోటు దొరకని లక్షలాది భారతీయులు అడవులు, కొండలు దాటి కాలినడకన బయలుదేరారు. దారిలో ఎందరు పోయారో సరియైన లెక్క లేదు. పదివేలనే అంచనా మొదలు అర్ధలక్ష దాటే అంచనాల వరకు ఉన్నాయి. ఆ నడకలోనూ తెల్లవారికొక దారి, నల్లవారికొక దారి అని ఏర్పాటు జరిగిందన్నది ఆనాడే దేశంలో ఆగ్రహం రేపిన విషయం. నేను ముప్పదేండ్లు బోధించిన చరిత్ర పుస్తకాల్లో ఈ నడకకు ఒక్క వాక్యమైనా లేదు.

నాకు తెలిసినది మా వీథి చివరి ఇంటి అవ్వ చెప్పినది. ఆమె భర్త రేవు కూలీ. మూడేండ్ల కొడుకుతో చింద్విన్ నదిమీద కలేవా చేరి, తాము దారి పట్టారు. మధ్యలో భర్తకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. చెట్టుకు చేరగిలబడి, “పిల్లడిని తీసుకుని నువ్వు నడు, ఎనకోలతో వచ్చేస్తాను” అన్నాడట. ఆమె నడిచింది. ఇంఫాల్ దాటి దిమాపూర్‌లో రైలెక్కింది. “నడిసినోలం నడిసినాం బాబూ, కూకున్నోలు మరి లెగనేదు” అనేది. తన మనిషి మాత్రం ఆ కూకున్నవారిలో లేడన్నట్టే చెప్పేది. పన్నెండేండ్లు చూడమన్నాడు పురోహితుడు. చూసింది. బొట్టు చెరపలేదు. తద్దినం పెట్టడానికి తిథి తెలియదు కదా అంటే, మహాలయ అమావాస్యనాడు పెట్టవచ్చునన్నారు. పెడితే పోయాడని తానే ఒప్పుకున్నట్టవుతుందని ఆమె పెట్టనివ్వలేదు.

మా డ్రిల్లు మాస్టారు యుద్ధంలో మద్రాసు శాపర్సు దళంలో పనిచేసినవారు. 1944లో ఇంఫాల్ యుద్ధం తరువాత ఆయన దళం అదే తాము దారిని బాగుచేస్తూ సాగింది. పతకాల గురించి అడిగితే నవ్వి ఊరుకునేవారు. ఒక్కసారి మాత్రం, ఉద్యోగ విరమణ అయిన సంవత్సరం, చెప్పారు. చెట్ల మొదళ్ళలో చేరగిలబడినట్టుగానే ఎముకలున్నాయి. పక్కన గాజు ముక్కలు, సొట్టపోయిన చెంబులు. ఒక ఇత్తడి చెంబుమీద తెలుగు అక్షరాలతో పేరు చెక్కి ఉంది.

“ఏమని ఉంది మాస్టారూ?” అని అడిగాను.

“ఆ పేరుగలవాళ్ళు మన పేటలోనే పదిమంది ఉన్నారురా. ఎవరింటికి వెళ్ళి చెప్పమంటావు?” అన్నారు. పేరు చెప్పలేదు.

అవ్వ కొడుకు ఆయన వద్దనే డ్రిల్లు నేర్చుకున్నాడు. జీతం కట్టడానికి అవ్వ నెలనెలా బడికి వచ్చేది. మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవారు.