నేపాళమునకు ఆయుధముల ఎగుమతి: బ్రిటిషు ఇండియా నియంత్రణము

మూడు దిక్కుల బ్రిటిషు ఇండియా ప్రాబల్యముచేతను, ఉత్తరమున టిబెట్టుచేతను పరివేష్టితమై, సముద్రతీరమన్నది ఎరుగని నేపాళరాజ్యమునకు తుపాకులు, ఫిరంగులు, మందుగుండు, వానిని తయారుచేయు యంత్రములు ఇండియానుండి గాని, ఇండియామీదుగా గాని తమ అనుమతి లేక చేరకుండునట్లును, చేరినచో ఎన్ని, ఎట్టివి, ఎప్పుడు చేరవలయునో తామే నిర్ణయించునట్లును బ్రిటిషు పాలకులు 19వ శతాబ్ది ఉత్తరార్ధమునుండి 1947 వరకు నడపిన విధానమునకు ఈ పేరు చెల్లును. దీనిని కేవల నిషేధముగా వర్ణించిన గ్రంథకర్తలు లేకపోలేదు గాని, ఆ మాట నిలువదు. తలుపు శాశ్వతముగా మూసివేయుటకంటె తాళపుచెవి తమ బొడ్డున దోపుకొని తిరుగుట లాభకరమని కలకత్తా ప్రభువులు గ్రహించిరి. ఆ లాభము గూర్ఖా యువకుల రూపమున వారికి అందుచుండెను.

గూర్ఖా రాజ్యము విస్తరించిన నాటినుండియు తుపాకికి అచట గొప్ప విలువ యుండెను. గూర్ఖా రాజగు పృథ్వీనారాయణ షా కాశినుండి తుపాకులను, వానిని చేయు పనివారిని కొండలకు రప్పించుకొనెను. 1767లో ఖాట్మండూ మల్లరాజునకు సాయముగా బయలుదేరిన కెప్టెన్ కిన్‌లాక్ ఈస్టిండియా కంపెనీ పటాలముతో సింధూలివద్ద చెల్లాచెదరై వెనుదిరిగినప్పుడు విడిచిపోయిన తుపాకులు గూర్ఖాల ఆయుధాగారమునకు అయాచితముగా చేరినవి. 1814-16 నాటి ఆంగ్ల-నేపాళ యుద్ధములో కొండకోటలవద్ద వారి ధైర్యమును కంపెనీవారు కన్నులార చూచిరి. 1815 డిసెంబరు 2వ తేదీన కుదిరి, మరు సంవత్సరము మార్చి 4న స్థిరపడిన సుగౌళీ సంధి వలన నేపాళము కుమాయూను, గఢ్వాలు మొదలగు ప్రాంతములను కోల్పోయెను. ఆ సంధిలో ఆయుధముల ఊసు సూటిగా లేదు. కాని ఏడవ ఖండికలో, బ్రిటిషు ప్రభుత్వపు సమ్మతి లేక బ్రిటిషువారినిగాని, ఇతర ఐరోపా, అమెరికా దేశీయులనుగాని నేపాళరాజు తన కొలువున ఉంచుకొనరాదని కలదు. తుపాకి పోతపని తెలిసిన ఫ్రెంచివాడొక్కడు రాజధానిలో స్థిరపడినచో ఎన్ని బండ్ల సరకును సరిహద్దున ఆపియు ప్రయోజనముండదు గదా! కాబట్టి నియంత్రణమునకు తొలి మెట్టు ఈ ఖండికయే యనుట సమంజసము.

తరువాతి కాలమున ఈ అధికారమునకు శాసనరూపమును ఇచ్చినది 1878 నాటి 11వ చట్టము, అనగా ఇండియా ఆయుధచట్టము. లైసెన్సు లేక సముద్రమార్గమున గాని, భూమార్గమున గాని ఆయుధములను, మందుగుండును దిగుమతి చేయుటయు, ఎగుమతి చేయుటయు దాని ఆరవ పరిచ్ఛేదమువలన నేరమాయెను. ఈ చట్టములోని నిర్వచనములు నిదానముగా చదువదగినవి. ఆయుధములన్న మాటలో తుపాకులు, ఫిరంగులేగాక బల్లెములు, బల్లెపు మొనలు, విల్లంబులు, ఆయుధభాగములు, ఆయుధములు తయారుచేయు యంత్రములు సైతము చేరినవి. గవర్నరు జనరలు ప్రకటన చేసినచో సీసము, గంధకము, సురేకారము సహితము సైనికసామగ్రి క్రిందికి వచ్చును. బిహారు పల్లెలలో మట్టిని కడిగి సురేకారము తీయుట అనాదిగా వచ్చుచున్న వృత్తి. అచటినుండి నేపాళపు దక్షిణ పల్లపునేలయగు తరాయి ఎంతో దూరము కాదు. చేసిన తుపాకినేగాక, తుపాకి చేయగల సాధనమును, దానిలో కూరు మందునకు కావలసిన దినుసును కూడ పట్టి యుంచుటయే శాసనకర్తల యుద్దేశము. ఈ చట్టమే మన ఆంధ్రదేశమునను అమలులో నుండెను. 1922 ఆగష్టులో అల్లూరి సీతారామరాజు అనుచరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలనే తుపాకులకై ఏల ముట్టడించిరో ఈ చట్టమును చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

1846లో ప్రధానియై నేపాళపు అధికారమును చేజిక్కించుకొన్న జంగు బహదూరు 1857లో బ్రిటిషువారి పక్షమున సైన్యము నడపి, ప్రతిఫలముగా 1860లో పశ్చిమ తరాయిని తిరిగి పొందెను. అంతటి మిత్రుడైనను, తన దేశపు యువకులను బ్రిటిషు పటాలములలో చేర్చుకొనుటకు మాత్రము మనసార ఒప్పుకొనలేదు. ఆయన అనంతరము రణోద్దీప సింహుడును ఆ దారినే నడచెను. గూర్ఖా పటాలములలో చేరగోరు యువకులు దొంగచాటుగా సరిహద్దు దాటవలసి వచ్చెడిది. ఆంగ్లేయులకు మనుషులు కావలెను. ఖాట్మండూవారికి తుపాకులు కావలెను. 1883లో లాసానగరమున నేపాళీ వర్తకుల అంగళ్లు దోపిడికి గురియై టిబెట్టుతో యుద్ధభయము ఏర్పడగా ఆ కోరిక మరింత తీవ్రమాయెను. 1885 నవంబరులో పెదతండ్రియగు రణోద్దీపుని చంపించి గద్దెనెక్కిన వీర శంషేరు, బ్రిటిషువారి గుర్తింపు లేనిదే తన పదవి నిలువదని ఎరిగినవాడగుటచే, ఈ రెండు అవసరములను కలిపి బేరమునకు కూర్చుండెను. సైన్యపు చేరికలపై నుండిన అడ్డంకులు తొలగినవి. 1886లో గోరఖపురమున చేరికల కేంద్రము ఏర్పడెను. గూర్ఖా రెజిమెంట్లకు రెండవ బెటాలియన్లు లేచినవి. 1892లో సేనాధిపతియగు రాబర్ట్స్ స్వయముగా ఖాట్మండూకు పోయి నేపాళసైన్యపు కవాతును చూచెను.

అయినను ఈ చేరికలకు ప్రతిగా బ్రిటిషువారు ఇచ్చిన తుపాకులు సరిక్రొత్తవి కావు. 1857 తరువాత దేశీయ సిపాయిలకు సైతము బ్రిటిషు సోల్జరు తుపాకికంటె ఒక తరము వెనుకటి తుపాకి నిచ్చుట పరిపాటియైనప్పుడు, స్వతంత్రరాజ్యమునకు అంతకంటె మేలైనది లభింపదుగదా!

ఈ కొరతయే నేపాళీలను సొంత కార్ఖానాలకు పురికొల్పెను. వీర శంషేరు కుమారుడగు గహేంద్ర శంషేరు రూపొందించిన రైఫిలు పైకి మార్టిని-హెన్రీని పోలియుండును గాని, లోపలి యంత్రపు కూర్పు వేరు. ఒకే కొలతతో భాగములు చేయు యంత్రములు లేక ప్రతి భాగమును ఆకురాయితో అరగదీసి అమర్చుటచే ఒక తుపాకి భాగము మరొక తుపాకికి ఒదుగదు. కనుకనే భాగములపై దేవనాగరి అంకెలు చెక్కెడివారు. తండ్రి పేరిట ఆతడే చేయించిన వీర గన్ను రెండు గొట్టములు గలది. పైన తూటాల డబ్బా నమర్చి, పక్కనున్న పిడిని చేతితో త్రిప్పినచో వరుసగా పేలును. యంత్రములను సైతము ఆయుధములుగా లెక్కించు చట్టము సరిహద్దున కాపలాయుండగా ఇంతమాత్రము సాధించుట అసాధారణమే. కాని కొండదేశపు కొలిమి ఐరోపా కర్మాగారముతో పోటీపడలేదు.

మొదటి ప్రపంచయుద్ధమున నేపాళ ప్రధాని చంద్ర శంషేరు గూర్ఖా యువకులను విస్తారముగా పంపి, నేపాళపు స్వాతంత్ర్యమును లిఖితరూపమున గుర్తింపవలెనని కోరెను. ఫలితము 1923 డిసెంబరు 21వ తేదీ సంధి. దాని ఐదవ ఖండిక ప్రకారము నేపాళము తన బలమునకును, క్షేమమునకును కావలసిన ఆయుధములను, యంత్రములను బ్రిటిషు ఇండియానుండి గాని, దానిమీదుగా గాని యథేచ్ఛగా తెచ్చుకొనవచ్చును. అయితే నేపాళపు ఉద్దేశములు మైత్రీపూర్వకములని బ్రిటిషు ప్రభుత్వమునకు తృప్తియున్నంతకాలము, ఇండియాకు తక్షణాపాయము లేనంతకాలము మాత్రమే ఈ స్వేచ్ఛ చెల్లును. తృప్తి కలదో లేదో చెప్పవలసినవారు ఒక్కరే. అట్లు తెచ్చిన ఆయుధములను ప్రభుత్వము గాని, ప్రజలు గాని నేపాళపు ఎల్ల దాటించరాదు. బ్రిటిషువారు చేరిన అంతర్జాతీయ ఆయుధ ఒడంబడిక ఏదైన అమలులోనికి వచ్చినచో నేపాళమును ముందుగా దానిలో చేరవలెను. సంధితోపాటు వ్రాసికొన్న లేఖలయందు, సరకు రేవునకు రాకముందే దాని వివరములను ఖాట్మండూలోని బ్రిటిషు రాయబారికి అందజేయుదుమని నేపాళము ఒప్పుకొనెను. రేవులో సుంకము లేకుండుటయు, ఆటంకము లేకుండుటయు ఈ జాబితాకు ప్రతిఫలము. అంతట కలకత్తా రేవున దిగిన పెట్టె రక్సౌలు వరకు రైలులోను, పిమ్మట తరాయి అడవులగుండ భీమఫేది వరకును, అచటినుండి చీసాపానీ, చంద్రగిరి కనుమలమీదుగా భరియాలను కూలీల వీపులమీదను రాజధానికి చేరవలెను. అట్టి దారిలో రహస్యముగా ఫిరంగి తరలించుట కలలోని మాటయే. నేపాళపు భౌగోళికస్థితియే చట్టమునకంటె గట్టి కాపలాదారు.

ఇదే కాలమున అఫ్గానిస్తానము పట్ల నడచిన తీరు పోల్చి చూడదగినది. 1893లో డ్యూరాండు ఒడంబడికచే అమీరునకు యుద్ధసామగ్రిని కొని తెచ్చుకొనుటకు అభ్యంతరము లేదన్న బ్రిటిషువారు, మూడవ అఫ్గాను యుద్ధానంతరము 1919 ఆగష్టులో రావల్పిండివద్ద ఆ సౌకర్యమును ఉపసంహరించిరి. నేపాళమునకు తరువాత షరతుగా చెప్పినదానినే అఫ్గానులకు ముందే చేసి చూపిరి.

ఆంగ్లేయులు వెడలిపోయిన పిదప 1950 జూలై 31వ తేదీన భారత నేపాళముల నడుమ కుదిరిన సంధి పూర్వపు సంధులను రద్దుచేసెను గాని, ఆయుధముల విషయమును మరల ఐదవ ఖండికలోనే చేర్చెను. భారతభూభాగముమీదుగా నేపాళమునకు వచ్చు ఆయుధములు భారతప్రభుత్వపు సహాయముతోను, సమ్మతితోను రావలెనని దానితోడి లేఖలో గలదు. 1965లో రహస్యముగా జరిగిన ఏర్పాటు ప్రకారము నేపాళమునకు ముఖ్యముగా భారతమే ఆయుధములు సరఫరా చేయవలెను. ఆ ఏర్పాటు తమకు ఇక కట్టుబాటు కాదని 1969లో ప్రధాని కీర్తినిధి విష్ట ప్రకటించెను. 1988లో నేపాళము చీనానుండి విమానధ్వంసక ఫిరంగులను తెప్పించుకొనగా భారతము అసంతుష్టి వెలిబుచ్చెను. 1989 మార్చిలో వాణిజ్య, రవాణా ఒప్పందములు గడువుతీరినప్పుడు రెండు దారులు మినహా తక్కిన సరిహద్దు ద్వారములన్నియు మూతపడెను.