బందరులో నోబుల్ దొర బడి

బెజవాడలో ఆ రోడ్డుకి మహాత్మా గాంధీ రోడ్డని పేరు పెట్టి ఎన్నో ఏళ్ళయింది. అయినా ఆటో ఎక్కితే అందరం బందరు రోడ్డనే అంటాం. ఆ రోడ్డు పట్టుకుని తూర్పుకి ఓ డెబ్భై కిలోమీటర్లు పోతే బందరు వస్తుంది. బోర్డుల మీద మచిలీపట్నం అని ఉంటుంది లెండి. బందరు అనగానే మనవాళ్ళకి లడ్డూ గుర్తొస్తుంది, కాస్త చదువుకున్నవాళ్ళకి కలంకారీ, ఆంధ్రా బ్యాంకు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఈ మధ్య ఒక బడి పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో ముందు చెప్తాను.

నేను ఇంటర్ చదివింది బెజవాడ చుట్టుపక్కల ఒకానొక రెసిడెన్షియల్ కాలేజీలో. పేరెందుకు లెండి, అన్నీ ఒకటే. తెల్లారకముందే స్టడీ అవరు, ఆదివారం పరీక్ష, నెలకోసారి అమ్మానాన్నల దర్శనం. నాన్నకి కావలసింది ఇంజనీరింగు సీటు. యాజమాన్యానికి కావలసింది పేపర్లో వేసుకోవడానికి ర్యాంకు. ఇద్దరి లెక్కలూ వేరు, కానీ రెండూ కలిసేది నా నెత్తి మీద. ఈ ఏర్పాటుకి మన డెల్టాలో మూలపురుషుడు ఎవరా అని వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే, 1986లో బెజవాడలో మొదలైన శ్రీచైతన్య దగ్గర ఆగలేదు, 1953లో జెస్యూట్ ఫాదరీలు పెట్టిన లయోలా దగ్గరా ఆగలేదు. నేరుగా 1843కి, బందరుకి వెళ్ళింది వ్యవహారం. తల్లిదండ్రులు ఒకందుకు పంపితే బడి పెట్టినాయన ఇంకొకందుకు నడిపిన మొట్టమొదటి పెద్ద బడి మన వైపు అదే.

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ అనే ఆయన 1809లో పుట్టాడు. కేంబ్రిడ్జిలో చదువుకున్నాడు. 1841లో చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున తెలుగు దేశానికి వచ్చాడు. ఆ సొసైటీ వాళ్ళు తెలుగువాళ్ళ కోసం పంపిన మొదటి ఇద్దరిలో ఈయన ఒకడు, రెండో ఆయన హెన్రీ వాట్సన్ ఫాక్స్. ఇద్దరూ ఒకే పనికి వచ్చారు గానీ పద్ధతులు వేరు. ఫాక్స్ ఊళ్ళు తిరిగే మనిషి. గుడారం వేసుకుని, సంతల్లో, తిరనాళ్ళలో నిలబడి మాట్లాడేవాడు. ఆరోగ్యం చెడి ఇంగ్లండు వెళ్ళిపోయి 1848లో, ముప్ఫై ఒక్క ఏళ్ళకే పోయాడు. నోబుల్ ఒకచోట కూర్చునే మనిషి. 1843 నవంబరు 20న బందరులో బడి తెరిచి, 1865లో చనిపోయేదాకా దాన్ని వదల్లేదు. పెళ్ళి చేసుకోలేదు. ఒక్కసారి కూడా స్వదేశానికి పోలేదు. ఇరవై నాలుగేళ్ళు! మనం ఆన్‌సైట్‌లో రెండేళ్ళుంటే సంక్రాంతికి టిక్కెట్లు వెతుక్కుంటాం.

అన్నట్టు ఫాక్స్ ఇంగ్లండులో చదివింది రగ్బీ స్కూల్లో, థామస్ ఆర్నాల్డ్ హెడ్‌మాస్టరుగా ఉన్న రోజుల్లో. ఆట పేరు వచ్చింది ఆ బడి నుంచే. ఫాక్స్ పోయాక ఆయన జ్ఞాపకార్థం రగ్బీ వాళ్ళు చందాలు పోగుచేసి, బందరు బడిలో ఒక మాస్టరు జీతానికి పంపేవాళ్ళు. ఆ ఉద్యోగానికి పేరే రగ్బీ ఫాక్స్ మాస్టరు. ఇంగ్లండులో డబ్బున్నవాళ్ళ పిల్లలు చదివే బడి చందాతో మన గోదావరీ కృష్ణల మధ్య బ్రాహ్మల పిల్లలు ఇంగ్లీషు గ్రామరు నేర్చుకోవడం నాకైతే భలే వింతగా ఉంటుంది.

బ్రాహ్మల పిల్లలు అని ఊరికే అనలేదు. నోబుల్ లెక్క ఏమిటంటే, ముందు పై కులాలవాళ్ళు మారాలి, వాళ్ళని చూసి మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే మారతారు. ఆ రోజుల్లో సర్కారు చదువుల విషయంలోనూ ఇదే సిద్ధాంతం నడిచేది. పైన పోస్తే కిందికి వడగట్టుకుని దిగుతుందని. మా భాషలో చెప్పాలంటే శుద్ధ వాటర్‌ఫాల్ మోడల్. అందుకని తన బడిలో బ్రాహ్మలు, వెలమలు, ఇంకా అలాంటి కులాల పిల్లలే ఉండేవాళ్ళు, ముసల్మానుల పిల్లలూ ఉండేవాళ్ళు. మాలమాదిగల పిల్లలకి మాత్రం ప్రవేశం లేదు. ఒక్కరిని చేర్చుకుంటే మిగతావాళ్ళంతా లేచిపోతారని ఆయన భయం. ఆ భయం ఉత్తది కాదు, నిజంగానే లేచిపోయేవాళ్ళు. సర్కారు బళ్ళలోనూ ఇదే కథ. 1856లో ధార్వాడలో ఒక మహార్ కుర్రాడు సర్కారు బడిలో చేర్చుకోమని అర్జీ పెడితే కాదు పొమ్మన్నారు, అది లండన్ దాకా వెళ్ళింది. కానీ సర్కారు వేరు, నోబుల్ వేరు. దేవుడి ముందు అందరూ ఒకటే అని చెప్పడానికి సముద్రం దాటి వచ్చిన మనిషి కదా! అప్పటికే మద్రాసులో చాలా మిషన్లు క్రైస్తవుల్లో కులం పనికిరాదని గట్టిగా తీర్మానాలు చేస్తున్నాయి. నోబుల్ది తన వాళ్ళ మధ్య కూడా విమర్శలు తిన్న పద్ధతి.

సరే, బడిలో జరిగేదేమిటి? ఇంగ్లీషు, తెలుగు, లెక్కలు, చరిత్ర. వీటితోపాటు ప్రతి తరగతికీ రోజూ బైబిలు పాఠం. దాచిపెట్టి చెప్పడం, మారుపేరు పెట్టడం లాంటివి లేవు. పంపే తల్లిదండ్రులకీ ఈ సంగతి తెలుసు. మరి ఎందుకు పంపారంటే కచేరీలో ఉద్యోగం. బందరు జిల్లా కేంద్రం. కలెక్టరు కచేరీ, కోర్టు అన్నీ అక్కడే. ఇంగ్లీషు వచ్చినవాడికి గుమాస్తా పని, ఆ తర్వాత అదృష్టం బాగుంటే తాసీల్దారీ. బైబిలు ఒక గంట వింటే పోయేదేముంది, చెవి దాటి లోపలికి పోకుండా చూసుకుంటే చాలు అనుకున్నారు. కుర్రాళ్ళు కూడా చాలామంది అలానే అనుకుని ఉంటారు.

1852లో ఆ లెక్క తప్పింది. మంచాల రత్నం అనే బ్రాహ్మణ విద్యార్థి, అయినాల భూషణం అనే వెలమ విద్యార్థి, ఇద్దరూ నోబుల్ ఇంటికి వచ్చేసి బాప్తిస్మం ఇమ్మన్నారు. ఊరు అట్టుడికిపోయింది. చుట్టాలొచ్చి ఏడ్చారు, బతిమాలారు, జనం దొర ఇంటి మీదికి వచ్చారు. కుర్రాళ్ళు కదల్లేదు, బాప్తిస్మం తీసుకున్నారు. మర్నాటి నుంచి బడి ఖాళీ.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే దీన్ని మతపిచ్చి అని ఒక్క మాటలో తీసిపారేసేవాళ్ళున్నారు, ధైర్యం అని ఒక్క మాటలో మెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ రోజుల్లో మతం మారడమంటే ఆదివారం వెళ్ళే చోటు మారడం కాదు. మారినవాడు ఇంట్లో భోజనం చెయ్యకూడదు. తండ్రి పోతే కర్మ చెయ్యడానికి లేదు. కొడుకు బతికుండగానే అతనికి కర్మ చేసి నీళ్ళు వదిలే ఇళ్ళుండేవి. పాత ధర్మశాస్త్రం ప్రకారం ఆస్తిలో వాటా కూడా పోయేది. 1850లో కంపెనీ ప్రభుత్వం చట్టం చేసి మతం మారినా, కులం నుంచి వెలేసినా వారసత్వం పోదని తేల్చింది. మద్రాసు రాజధానిలో హిందువులకి ఇది కడుపుమంట. దానికి ముందు 1846లో మద్రాసు గవర్నరు ట్వీడేల్ సర్కారు బళ్ళలో బైబిలు క్లాసు పెడదామని చూశాడు, లండన్‌లో డైరెక్టర్లు వద్దన్నారు. మద్రాసులో గాజుల లక్ష్మీనరసు శెట్టి గారు, మన తెలుగాయనే, క్రెసెంట్ అనే పత్రిక పెట్టి మిషనరీల మీద పోరాడుతున్నారు. ఆయన మద్రాస్ నేటివ్ అసోసియేషన్ స్థాపించింది కూడా సరిగ్గా ఈ 1852లోనే. అంటే బందరు గొడవ బందరుది మాత్రమే కాదు.

పెళ్ళాల సంగతి ఇంకా ఘోరం. బడికొచ్చే కుర్రాళ్ళలో పెళ్ళయినవాళ్ళు ఉండేవాళ్ళు, బాల్యవివాహాల కాలం కదా. మొగుడు కిరస్తానీ అయితే పిల్లని పుట్టింటివాళ్ళు పంపరు. ఆ పిల్ల ఇటు సుమంగళీ కాదు, అటు విధవా కాదు. ఇది దేశమంతా ఎంత పెద్ద చిక్కంటే 1866లో మతం మారినవాళ్ళ వివాహాల రద్దుకి ప్రత్యేకంగా ఒక చట్టం చెయ్యాల్సి వచ్చింది. నోబుల్ బడి చరిత్రలో దొరల పేర్లున్నాయి, మారిన కుర్రాళ్ళ పేర్లున్నాయి. ఇలాంటి ఆడపిల్లల పేర్లు మాత్రం ఎక్కడా కనబడవు.

విచిత్రమేమిటంటే ఖాళీ అయిన బడి మళ్ళీ నిండింది. కొన్నాళ్ళు అలిగి, తిట్టి, మెల్లిగా పిల్లల్ని మళ్ళీ పంపారు. కచేరీ ఉద్యోగాల అవసరం అలాంటిది. తర్వాత ఇంకొందరు మారారు, మళ్ళీ గొడవ, మళ్ళీ ఖాళీ, మళ్ళీ నిండడం. జానీ అలీ అనే ముసల్మాను విద్యార్థి మారి, కేంబ్రిడ్జి దాకా వెళ్ళి చదువుకున్నాడు. రత్నం, భూషణం ఇద్దరూ పాదిరీలయ్యారు. అయితే మొత్తం మీద మారినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇరవై రెండేళ్ళ చాకిరీకి ఫలితం అది. ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళు మాత్రం కోకొల్లలు. బేరంలో గెలిచింది తల్లిదండ్రులే అని నా లెక్క.

1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి ఉప్పెన వచ్చింది. ఊళ్ళోనూ చుట్టుపక్కలా కలిపి సుమారు 30 వేల మంది పోయారని అంచనా. 1977 దివిసీమ ఉప్పెన చూసినవాళ్ళు ఇంకా మనలో ఉన్నారు, దానికి రెండింతలకి పైనే అనుకోండి. మిషన్ వాళ్ళ ఆడపిల్లల హాస్టల్లో ఎంతోమంది పిల్లలు నీళ్ళలో కొట్టుకుపోయారు. బందరు రేవు ఆ దెబ్బ నుంచి తేరుకోలేదు. నోబుల్ కూడా ఆ తర్వాత ఏడాది తిరక్కుండా, 1865 అక్టోబరులో అక్కడే పోయాడు, అక్కడే పాతిపెట్టారు. బడి నోబుల్ కాలేజీ అయ్యింది.

తర్వాతి కథ ఇంకా రంజుగా ఉంటుంది. ఈ క్రైస్తవ కాలేజీలో పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కుర్రాళ్ళ మీద బాగా ముద్ర వేసిన మాస్టారు ఒక బ్రహ్మసమాజి, రఘుపతి వేంకటరత్నం నాయుడు గారు. తెల్ల బట్టలు, ఏకేశ్వరోపాసన, వేశ్యల మేజువాణీల మీద యుద్ధం. ఆయన దగ్గర చదివినవాళ్ళలో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఒకరు. పట్టాభి గారు, కృష్ణా పత్రిక ముట్నూరి కృష్ణారావు గారు నోబుల్ విద్యార్థులే. 1907లో బిపిన్ చంద్ర పాల్ వచ్చి మన ఊళ్ళల్లో ఉపన్యాసాలిచ్చి వెళ్ళాక, దొరల చదువులు మనకొద్దు, మన బడి మనం పెట్టుకుందాం అని వీళ్ళిద్దరూ కోపల్లె హనుమంతరావు గారితో కలిసి 1910లో అదే బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. నోబుల్ బడి పండించిన పంటల్లో ఇదొకటి. ఊళ్ళో హిందూ హైస్కూలు కూడా ఉండేది, తిరుపతి వేంకట కవుల్లో చెళ్ళపిళ్ళ వారు అక్కడే తెలుగు పండితులు. ఒక దొర బడి పెడితే, దానికి జవాబుగా ఊరు ఊరంతా బడులైపోయింది. బెజవాడకి ఈ చదువుల మోజు తర్వాతెప్పుడో పట్టుకుంది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుని బెజవాడలోనే పెట్టారు, నాలుగేళ్ళకే అది వాల్తేరు పోయింది.

ఇంతకీ నోబుల్ వేసిన వాటర్‌ఫాల్ ప్లాను ఏమైంది? పైన పోసిన నీళ్ళు పైనే ఉండిపోయాయి. ఏరు వేరే చోట పుట్టింది. నందిగామ వైపు రాఘవాపురం అనే ఊళ్ళో పగోలు వెంకయ్య గారని మాల కులస్థుడు. దేవుడి గురించి తనంతట తనే మథనపడి, బెజవాడలో ఉన్న డార్లింగ్ అనే మిషనరీని వెతుక్కుంటూ వెళ్ళి, 1859లో తనవాళ్ళతో సహా బాప్తిస్మం తీసుకున్నాడు. అక్కడి నుంచి ఊరూరూ ఆయనే తిరిగి చెప్పాడు. ఫాక్స్ చెయ్యాలనుకుని చెయ్యలేకపోయిన పని అది. ఆయన నోబుల్ బడిలో చదవలేదు. చదువుదామన్నా అప్పటికి చేర్చుకునేవాళ్ళు కాదు. కృష్ణా డెల్టాలో ఇవాళ ఉన్న సంఘాల్లో ఎక్కువ భాగం వెంకయ్య గారి లాంటి వాళ్ళ దారిన వచ్చినవి, రత్నం భూషణం దారిన వచ్చినవి కావు.

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. నోబుల్ కాలేజీ ఇప్పుడు ఆ సంఘంలోని కృష్ణా గోదావరి అధ్యక్ష మండలం కింద నడుస్తోంది. ఆ మండలంలో సభ్యులు చాలామంది మాలపల్లెల నుంచి, మాదిగపల్లెల నుంచి వచ్చిన కుటుంబాలవాళ్ళు. 1859లో గేటు బయట ఆపేసిన వాళ్ళ మునిమనవలు ఆ కాలేజీకి యజమానులు, గేటు మీద పేరు మాత్రం ఇప్పటికీ నోబుల్ దొరదే.