నారాయణఖేడ్ నుంచి స్టాక్ మార్కెట్ దాకా

1990ల మొదట్లో ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో పేదింటి ఆడవాళ్లకు అప్పు కావాలంటే ఎక్కువగా ఊళ్లోని వడ్డీ వ్యాపారే దిక్కు. బ్యాంకులు జాతీయమై రెండు దశాబ్దాలు దాటినా, తన పేర పొలం పట్టా లేని మనిషికి అక్కడ అప్పు పుట్టడం అరుదు. వ్యాపారి తీసుకునేది నూటికి నెలకు మూడు నుంచి ఐదు రూపాయలు, అంటే ఏడాదికి 36 నుంచి 60 శాతం. ఈ వడ్డీని తగ్గించడానికి ఒకే రాష్ట్రంలో, ఇంచుమించు ఒకే కాలంలో రెండు ప్రయత్నాలు మొదలయ్యాయి.

మొదటిది పొదుపు సంఘాలది. కేంద్రం 1982లో పెట్టిన డ్వాక్రా పథకం చాలాకాలం కాగితాల మీదే నడిచింది. దానికి ఊపిరి పోసింది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం తర్వాత, ఆ జిల్లా ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున కూడబెట్టడం అలవాటు చేసుకున్నారు. 'పొదుపు లక్ష్మి' పేరుతో అది ఊరూరా పాకింది. అదే ఏడాది నాబార్డు సంఘాలను బ్యాంకులతో ముడిపెట్టే ప్రయోగాన్ని దేశవ్యాప్తంగా 500 సంఘాలతో ఆరంభించింది. 2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో వెలుగు ప్రాజెక్టు వచ్చి సంఘాలను గ్రామ, మండల సమాఖ్యలుగా కలిపింది. 2010 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో వీటిలోని సభ్యుల సంఖ్య సుమారు కోటికి చేరింది. ఈ దారిలో ముందు పొదుపు, తర్వాతే అప్పు. నడక నిదానం, ప్రభుత్వ సిబ్బంది అండ తప్పనిసరి.

రెండోది బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకు చూపిన దారి. హైదరాబాద్‌లో షేర్ సంస్థ, 1998లో గుంటూరులో స్పందన ఆ దారి పట్టాయి. హైదరాబాద్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన విక్రమ్ ఆకుల 1997లో స్వయం కృషి సంఘం స్థాపించారు. అదే ఎస్‌కేఎస్. మరుసటి ఏడాది అప్పటి మెదక్ జిల్లాలోని కరువు ప్రాంతం నారాయణఖేడ్ చుట్టుపక్కల ఊళ్లలో తొలి అప్పులు ఇచ్చింది. ఇవన్నీ మొదట లాభాపేక్ష లేని సంస్థలే.

పద్ధతి చూడటానికి సులువు. ఐదుగురు ఆడవాళ్లు ఒక గ్రూపు, కొన్ని గ్రూపులు కలిస్తే ఒక సెంటర్. వారానికోసారి పొద్దున్నే అందరూ కూర్చుంటారు, సంస్థ మనిషి వచ్చి వాయిదాలు వసూలు చేసుకుంటాడు. ఆస్తి హామీ అక్కర్లేదు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి, హామీ అంటే అదే. వడ్డీ లెక్కే కొంచెం మెలికగా ఉండేది. పది వేలు అప్పిచ్చి వారానికి 225 చొప్పున 50 వారాలు కట్టించుకుంటే వడ్డీ 1,250, అంటే 12.5 శాతమే అనిపిస్తుంది. కానీ అసలు వారంవారం తగ్గుతూ వస్తుంది కాబట్టి నిజంగా పడే వడ్డీ దాదాపు రెట్టింపు. ఊరి భాషలో రెండు రూపాయల వడ్డీ. వ్యాపారి కంటే తక్కువేనన్న మాట మాత్రం అబద్ధం కాదు.

విరాళాలతో కొన్ని వేల మందికి అప్పు ఇవ్వవచ్చు, లక్షల మందికి సాధ్యం కాదు. అందుకే ఈ సంస్థలు ఒక్కొక్కటే ఆర్థిక కంపెనీలుగా మారాయి. ఎస్‌కేఎస్ 2005లో మారింది. ప్రాధాన్య రంగ రుణాల కోటా నింపుకోవాల్సిన బ్యాంకులు వీటికి ధారాళంగా అప్పిచ్చాయి. సామాజిక ప్రయోజనంతో పాటు రాబడినీ ఆశించే పెట్టుబడికి 2007లో ఇటలీలోని బెలాజియోలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సమావేశం 'ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్' అని పేరు పెట్టేనాటికే ఆ తరహా డబ్బు ఇక్కడికి వస్తోంది. యూనిటస్ వంటి నిధులు, సిడ్బీ, ఆ వెనకే సికోయా లాంటి అచ్చమైన వ్యాపార పెట్టుబడిదారులు ఎస్‌కేఎస్‌లో వాటాలు కొన్నారు. సిబ్బంది శిక్షణకు మెక్‌డొనాల్డ్స్ వంటి గొలుసు సంస్థలను ఆకుల నమూనాగా తీసుకున్నారు. ఎక్కడికి వెళ్లినా ఒకే తీరు సెంటర్, ఒకే తీరు లెక్క.

తొలి దెబ్బ 2006లో కృష్ణా జిల్లాలో తగిలింది. అధిక వడ్డీ, వసూళ్లలో వేధింపుల ఆరోపణలపై అధికారులు దాదాపు 50 శాఖలు మూయించారు. కంపెనీలు నియమావళి రాసుకున్నాయి, పెట్టుబడి ఆగలేదు. దేశంలోని సూక్ష్మరుణాల్లో పావు వంతుకు మించి ఈ ఒక్క రాష్ట్రంలోనే పోగుపడ్డాయి.

అసలు లోపం ఇక్కడుంది. ఒకే ఊళ్లో నాలుగైదు కంపెనీల సెంటర్లు నడిచేవి, పక్కనే డ్వాక్రా సంఘం కూడా అదే ఆడవాళ్లకు అప్పిచ్చేది. ఒక మనిషి నెత్తిన మొత్తం ఎంత భారం ఉందో ఏ సంస్థా చూడలేదు. చూసే రుణ సమాచార వ్యవస్థ ఈ రంగానికి అప్పటికి లేదు. ఒకరి వాయిదా మరొకరి అప్పుతో తీరేది. 99 శాతం వసూళ్లను ఆరోగ్యానికి గుర్తుగా పెట్టుబడిదారులకు చూపించారు గానీ, అందులో కొంత అప్పు మీద అప్పే. పొదుపు లేకుండా అప్పు ఒక్కటే పెరిగిన చోట ఇంకోలా జరగడానికి వీల్లేదు.

2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ షేర్లు స్టాక్ మార్కెట్‌కు ఎక్కాయి. 985 రూపాయల షేరుకు అందుబాటులో ఉన్నవాటికి పది రెట్లకు పైగా దరఖాస్తులు పడ్డాయి. 1,600 కోట్లకు పైగా వచ్చాయి. పేదల అప్పు మీద లాభాలేమిటని గ్రామీణ బ్యాంకు వ్యవస్థాపకుడు యూనస్ బాహాటంగానే తప్పుబట్టారు. రెండు నెలలు తిరక్కుండానే అప్పు తీసుకున్నవారి ఆత్మహత్యల వార్తలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. వేధింపులే కారణమని ప్రభుత్వం, తమ బాధ్యత కాదని కంపెనీలు వాదించుకున్నాయి.

అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వ ఆర్డినెన్సు వచ్చింది, డిసెంబరులో చట్టమైంది. జిల్లాలవారీ రిజిస్ట్రేషన్, వారం వాయిదా బదులు నెల వాయిదా, ఇంటి దగ్గర కాకుండా బహిరంగ స్థలంలో వసూలు, వడ్డీ మొత్తం అసలును మించకూడదన్న హద్దు అందులో ముఖ్యమైనవి. వసూళ్లు కొన్ని వారాల్లోనే పది శాతం దరిదాపులకు పడిపోయాయి. బ్యాంకులు కంపెనీలకు అప్పు నిలిపేశాయి. షేర్, స్పందన రుణాల పునర్వ్యవస్థీకరణకు వెళ్లాయి. 2011లో ఆకుల ఎస్‌కేఎస్ నుంచి తప్పుకున్నారు.

రిజర్వు బ్యాంకు నియమించిన మాలెగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఈ కంపెనీలకు ప్రత్యేక వర్గం, వడ్డీకి పరిమితి, ఒకే మనిషికి రెండు సంస్థలకు మించి అప్పివ్వకూడదన్న నియమం దాని సిఫార్సులే. పదేళ్ల ముందు ఉండాల్సిన నియమాలు అవి. 2022లో వడ్డీ పరిమితి తీసేసి, వాయిదాలన్నీ కలిసి ఇంటి ఆదాయంలో సగం దాటకూడదని రిజర్వు బ్యాంకు నిర్ణయించింది.

ఉమ్మడి రాష్ట్రంలో కంపెనీలు వదిలిన జాగాను చాలావరకు సంఘాలకు బ్యాంకులు ఇచ్చే అప్పు, 2011లో మండల సమాఖ్యల వాటాతో ఏర్పడిన సహకార రుణ సంస్థ స్త్రీనిధి నింపాయి. ఎస్‌కేఎస్ ఇతర రాష్ట్రాల వ్యాపారంతో నిలదొక్కుకుని, పేరు మార్చుకుని, 2019లో ఇండస్‌ఇండ్ బ్యాంకులో కలిసిపోయింది. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు 2010 నాటి చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది.