సాఫ్ట్‌వేర్ సెట్టింగులలో డేటా పరిమాణ, వేగ మానములు

కాన్ఫిగరేషన్ ఫైళ్లలో మెమరీ పరిమితిని గాని, ఫైలు పరిమాణమును గాని, ప్రసారవేగమును గాని తెలుపు అంకెకు ఏ మానమును ఏ రూపమున జతపరుపవలెనను ప్రశ్న, బైటు అను పేరును 1956లో ఐబీఎం సంస్థయందు వెర్నర్ బుక్‌హోల్ట్స్ కల్పించిన నాటికి ఇంకను పుట్టలేదు. మెమరీ చిరునామాలు ద్విసంఖ్యామానమున నడచుటచే, వేయికి మిక్కిలి సమీపమున నున్న 1024ను ఇంజనీర్లు కిలో యని వ్యవహరింపసాగిరి. డేటా లైన్ల వేగమును గణించువారు మాత్రము వేయినే కిలోగా నిలుపుకొనిరి. ఈ రెండు సంప్రదాయములు ఒకే వస్తువునందు చిక్కుపడుటకు 1.44 మెగాబైట్ల ఫ్లాపీ నిదర్శనము: అందు పట్టునవి 1440 × 1024, అనగా 14,74,560 బైట్లు, ఏ లెక్కను జూచినను అది 1.44 మెగాబైట్లు కాదు.

ఈ చిక్కును తొలగించుటకై 1998 డిసెంబరులో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్, 1024 చొప్పున సాగు లెక్కకు కిబి, మెబి, గిబి అను ద్విసంఖ్యా ఉపసర్గలను ఆమోదించెను. కొత్త ఉపసర్గలు చెవికి అపరిచితములుగా తోచినను, సందేహమునకు తావీయని వ్రాత అవియే.

తొలినాటి సెట్టింగులలో వట్టి అంకెయే యుండెడిది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేసునందు ఒక విలువ 8 కిలోబైట్ల బఫర్ల సంఖ్యగాను, అదే ఫైలునందలి మరియొక విలువ కిలోబైట్లుగాను గ్రహింపబడుచుండెను. 2006లో వెలువడిన 8.2 వెర్షన్‌తో అంకె ప్రక్కన మానమును వ్రాయు వీలు కలిగినది. అందు కిలో యనగా 1024 యే. జావాలో హీప్ పరిమితిగా 512 ప్రక్కన చిన్న ఎం అక్షరమును చేర్చినచో అన్ని మెబిబైట్లు లభించును; ఆ యక్షరమును విడిచినచో 512 బైట్లుగా నెంచి ప్రోగ్రాము ఆరంభము కాకయే నిలిచిపోవును. అదే చిన్న ఎం, కంటైనర్లను నిర్వహించు కుబెర్నెటీస్ నందు వేయింట నొకవంతును తెలుపును గనుక, జావా అలవాటుచొప్పున మెమరీకి 400 ప్రక్కన దానిని వ్రాసినవారు కోరినది 0.4 బైటు మాత్రమే. అచట పెద్ద ఎం పదిలక్షలు. దానికి చిన్న ఐ చేరినపుడు 10,48,576.

ప్రసారవేగమునందు బిట్టుకును బైటుకును గల భేదము తోడగును. భారత ప్రభుత్వము 2004లో బ్రాడ్‌బ్యాండ్‌కు నిర్ణయించిన 256 కేబీపీఎస్, 2023లో నిర్ణయించిన 2 ఎంబీపీఎస్ రెండును బిట్ల లెక్కలే. లినక్స్ నందు నెట్‌వర్క్ వేగమును నియంత్రించు టీసీ కమాండులో మాత్రము ఎంబీపీఎస్ సెకనుకు మెగాబైట్లను తెలుపును, బిట్లకు ఎంబిట్ అని వ్రాయవలెను; కావున ఒక లైనును 2 మెగాబిట్లకు పరిమితము చేయదలచి 2 ఎంబీపీఎస్ అని వ్రాసినచో 16 మెగాబిట్ల వేగము అనుమతింపబడును.