చిన్న కష్టము, పెద్ద ధైర్యము

టీకాలోని సూక్ష్మము మన కందరకును తెలిసినదే. రోగము యొక్క స్వల్పమైన పరిచయము ముందుగా కలిగిన శరీరము, పిదప వచ్చు పెద్ద రోగమును తట్టుకొనును. మనస్సునకును ఇట్టి టీకా కలదా? ఈ ప్రశ్నకు తొలి సమాధానము శాస్త్రజ్ఞులకు ఎలుకల బోనులలో దొరకినది. ఆ చరిత్రను కొంచెము పరిశీలింతము.

1936వ సంవత్సరమున కెనడాలోని మాంట్రియల్ నగరమందు, మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో పని చేయుచున్న హాన్స్ సెల్యే ఒక వింతను ప్రకటించెను. చలి, గాయము, మితిమీరిన శ్రమ, విషపదార్థము - బాధకు కారణ మేదైనను ఎలుకల శరీరము ఒకే తీరున మారుచుండెను. అడ్రినల్ గ్రంథులు ఉబ్బును. జీర్ణకోశమున పుండ్లు పడును. మొదట కలవరము, తరువాత నిలద్రొక్కుకొనుట, బాధ యెడతెగనిచో తుదకు కృశించుట - ఇవి అందలి మూడు దశలు. దీనితో ఒత్తిడి యనగా కేవలము శత్రువే యను భావము బలపడెను.

1950 దశకమున అమెరికాలో సేమూర్ లెవీన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ఈ భావమును పరీక్షింపబూనెను. ఎలుకపిల్లలను మూడు తెగలు చేసి, ఒక తెగకు ప్రతిదినము స్వల్పమైన విద్యుదాఘాతము కలిగించెను. రెండవ తెగను ఊరక గూటినుండి తీసి, కొన్ని నిమిషములైన పిమ్మట తల్లికడ చేర్చెను. మూడవ తెగను తాకనే లేదు. మొదటి తెగ పిరికిదగునని ఆయన తలంచెను. కాని పెరిగిన పిదప, క్రొత్త చోట విడిచినప్పుడు, ఎక్కువగా బెదరినవి ఎన్నడును కదల్పబడని మూడవ తెగ ఎలుకలే! కదల్పబడినవి ధైర్యముగా నలుదిక్కులు తిరిగి చూచినవి.

దీనికి కారణ మేమి? సమాధానము అదే మెక్‌గిల్ విశ్వవిద్యాలయమునుండి 1997లో వచ్చెను. తిరిగివచ్చిన పిల్లలను తల్లి యెలుక మునుపటికన్న ఎక్కువగా నాకి లాలించునని మైకేల్ మీనీ బృందము చూపెను. మనుష్యుడు చేయి పెట్టకున్నను, సహజముగా ఎక్కువ లాలించు తల్లుల పిల్లలు ఒత్తిడికి తక్కువగా చలించుచుండెను. కావున ఎడబాటు ఎంత ముఖ్యమో, పునస్సమాగమము అంత ముఖ్యము.

మోతాదును కూడ మరువరాదు. పదునైదు నిమిషముల ఎడబాటు మేలు చేయగా, ప్రతిదినము మూడు గంటల ఎడబాటు పిల్లలను జీవితాంతము బెదురుగొడ్లను చేయుట 1990 తరువాతి పరిశోధనలలో కానవచ్చెను. కష్టము మన చేతిలో నున్నదా లేదా యనునదియు ముఖ్యమే. 1967లో సెలిగ్‌మన్, మేయర్ అనువారు కుక్కలపై చేసిన పరీక్షలలో, తప్పించుకొన వీలులేని ఆఘాతమునకు గురియైనవి, పిదప దారి యున్నను ప్రయత్నింపక కూలబడినవి. స్వప్రయత్నమున ఆఘాతమునుండి తప్పించుకొనుట ముందే నేర్చినవి మాత్రము అట్లు నిస్సహాయములు కాలేదు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 2004లో ప్రకటించిన పరిశోధనలో, ఉడుతకోతి పిల్లలను వారమునకొక గంట చొప్పున పదివారములు వేరుచేసిరి. తరువాత క్రొత్త చోట ఇవి తల్లిని తక్కువగా పట్టుకొని, ఎక్కువగా పరిసరములను శోధించినవి. కోతులలో తల్లి లాలన యొక్కటియే కారణము కాదనియు, మితమైన కష్టమే శిక్షణ యనియు 2006లో వారు తెల్పిరి.

“మొక్కై వంగనిది మ్రానై వంగునా” యని మనవారందురు. ఈ సామెతను బెత్తమునకు సమర్థనగా వాడువారు కలరు. పై పరిశోధనలలో దానికి ఆధారము లేదు. మేలు చేసినది కొద్దిపాటిది, త్వరగా ముగియునది, జంతువు ఓర్వగలిగినది అగు కష్టము మాత్రమే. జంతువులకు చెల్లినదెల్ల శిశువులకు చెల్లునని తొందరపడరాదు. అయినను, బిడ్డను గడప దాటనీయని ప్రేమయు, దాటి వచ్చిన బిడ్డను అక్కున చేర్చుకొనని కాఠిన్యమును - రెండును మేలు కావేమో యని ప్రతి గృహమునందును ఆలోచింపదగియున్నది.